చిలకకు మాటలు నేర్పే పుస్తకం

నందిగామ లైబ్రరీ ముందు కిరాయి కోసం ఆటో ఆపుకుని కూర్చున్నా. లోపల్నుంచి పాత కాయితాల వాసన తగిలేసరికి మా చెల్లి రూతు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అది జ్వరంతో చనిపోయిన ఏడాది అమ్మ మాట్లాడటం మానేసింది. నేను బడి మానేశా. బడివాళ్ళు పెద్దగా బాధపడలేదు లెండి. ఓసారి ఎండకి తాళలేక ఈ లైబ్రరీలో దూరితే, బీరువా నిండా కథలు కాని పుస్తకాలు! బావి తవ్వడం మీద ఒకటి, తేనెటీగల మీద ఒకటి, పాముకాటుకి, నక్షత్రాలకి కూడా ఉన్నాయి. ఎవరింట్లో ఏ కష్టమొస్తే దానికో పుస్తకం రాసిపెట్టారనుకున్నా.

"మేడమ్, మాట్లాడనివాళ్ళని మాట్లాడించే పుస్తకం ఉందాండి?"

"ఎవర్నిరా? చిలకనా?" అని నవ్వి, లైబ్రరీ మేడమ్ పక్షుల పెంపకం పుస్తకం చేతిలో పెట్టారు.

కూడబలుక్కుని చదివా. చిలక ఎక్కువసార్లు విన్న మాటనే ఎంచుకుని, రోజూ పొద్దున్నే దాని పక్కన కూర్చుని ముద్దుగా చెప్పాలట. మా ఇంట్లో ఎక్కువ వినబడింది చెల్లి పేరే. అమ్మ మిరపకోతకి బయల్దేరేముందు చెవి దగ్గర చేరి "రూతమ్మా, రూతమ్మా" అని పిలిచేవాణ్ణి, అచ్చం అమ్మ పిలిచినట్టే.

ఓ పొద్దున అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలవకు నాన్నా. అది పలకదు," అంది.

అమ్మ మాట్లాడింది! పుస్తకం పనిచేసిందని వీధంతా గెంతా. ఏం మాట్లాడిందో తెలియడానికి నాకూ ఓ కూతురు పుట్టాల్సొచ్చింది.