చీలిన తోక

మా ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. పైన క్యాబిన్‌లో కూర్చుంటే పక్షులు కిటికీ పక్కనుంచే పోతాయనేవారు. ఒకసారి వానకు ముందు చూసిన పక్షి గురించి మాత్రం చివరిదాకా చెప్పారు. నడుం మీద తెల్ల మచ్చ, చీలిన తోక. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "క్రేనెక్కితే మా అన్నకి కాకి కూడా గరుడపచ్చే" అని ఆయన తమ్ముడు నవ్వేవాడు.

ఆయన పోయాక పుస్తకాలు తిరగేశాను. మన వంతెనల కింద గూళ్ళు కట్టే స్విఫ్టు పక్షులకు నడుం మీద తెలుపు ఉంటుంది, తోక చీలి ఉండదు. తాటిచెట్ల స్విఫ్టులకు తోక చీలి ఉంటుంది, తెలుపు ఉండదు. రెండూ ఉన్న పక్షి ఒకటుంది. సైబీరియా వైపు గూడు పెట్టి, చలికాలానికి ఆస్ట్రేలియా దాకా పోతుంది. మన తీరాన అరుదు. గూటికాలం తప్ప దాదాపు ఎక్కడా వాలదట. తిండి, నీళ్ళు, నిద్ర కూడా గాలిలోనే. ఆయన చూసింది అదేనా? పుస్తకాలు అది చెప్పలేవు.

సంవత్సరీకం నాడు మల్కాపురంలో మా మేడ మీద మరిది పిండం పెట్టాడు. కాకి ముట్టేదాకా కింద ఎవరూ భోజనానికి కూర్చోరు. కాకి రాలేదు. సముద్రం మీంచి మబ్బు లేచింది.

"రా అన్నా, ఆకలేత్తంది" అన్నాడు మరిది. "బతికున్నప్పుడూ ఇంతే వదినా, టయానికి తిండికొచ్చీవోడు కాదు."

అప్పుడు మబ్బు ముందు కొన్ని పక్షులు కనిపించాయి. సన్నటి పొడుగు రెక్కలు. వాటర్ ట్యాంకు మీదుగా కిందికి దిగాయి. నడుం మీద తెలుపు ఉంది. తోక మూసుకుని సూదిలా ఉంది, చీలిందో లేదో తెలియలేదు. వంతెన పక్షులే కావచ్చు. ఒకటి పురుగు కోసం ఒరిగి మలుపు తిరిగింది. తోక విచ్చుకుంది. లోతుగా చీలి ఉంది.

అంత దూరం నుంచి వచ్చిన వాటికి ఈ ఊళ్ళో కావలసింది వాన ముందు లేచే పురుగులే. ఓడలూ, పొగగొట్టాలూ, మా మేడా వాటికి అక్కర్లేదు. కాలు మోపకుండానే ఊరు దాటుతున్నాయి. ఆయనే వచ్చారని అనుకోలేదు. ఆయన సరిగ్గానే చూశారు.

"ముట్టింది! కాకి ముట్టిందొదినా, సూసినావా?"

చూడలేదు. వేలెత్తి పైకి చూపించాను. మరిది తలెత్తాడు.

"అన్న సెప్పినవి ఇవేనేటి?"

తల ఊపాను. కింద భోజనాలకు పిలుస్తున్నారు. వాన పడేదాకా ఇద్దరం దిగలేదు.