ముందు పెట్టమన్న నంబరు

సారు పోయారని సోమవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నంద్యాలలో మా విత్తనాల ఆఫీసులో నాకు కంప్యూటర్‌లోని వివరాలు వెతికి తీసే ఎస్‌క్యూఎల్ నేర్పిన మనిషి ఆయన. రోజూ బస్సులో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవారు. ఆ కుర్చీ వైపు చూడాలంటే నాకింకా ధైర్యం చాలడం లేదు.

ఆయన దగ్గర నేను తిన్న తిట్లకు లెక్కలేదు. అందులో అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. అది రాసే ముందు, ఏదో ఒక రైతు పేరు మీద కంప్యూటర్‌లో ఉన్న వరుసలన్నీ చీటీల మీద రాయించేవారు. వాటిని బల్ల మీద పరిచి, మనకు కావలసింది ఏదో వేలు పెట్టి చూపించమనేవారు. చూపించలేకపోతే కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. నాకదంతా చాదస్తంగా కనిపించేది.

ఒకసారి ఆయన సెలవులో ఉండగా, మేమమ్మిన ఒక రకం శనగ విత్తనం మొలకెత్తడం లేదని తెలిసింది. విత్తవద్దని రైతులకు వెంటనే మెసేజ్ పంపాలి. ఒక్కో రైతుకు రెండు మూడు నంబర్లున్నాయి, మనిషికి ఒకటే తీయాలి. నేను చీటీల జోలికి పోకుండా, అందరికీ చివర ఎక్కించిన నంబరు తీసి పంపేశాను. సంజామల వైపు ఒక రైతు పేరు మీదున్న ఆ చివరి నంబరు, సంచులు తీసుకెళ్లిన ఆటో అతనిది. కబురు అందక ఆ రైతు చేనంతా విత్తేశాడు. ఒక్క మొక్కా రాలేదు.

సారు వచ్చీ రాగానే నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఊరికి తీసుకెళ్లారు. రైతు తిట్టలేదు.

"ఇంట్లో ఫోను ఉండాది గదప్పా. దానికే చేయమని రాయించినా గదా," అన్నాడు.

నిజంగానే రాయించాడు. ఆ నంబరు పక్కన 'ముందు దీనికే' అన్న గుర్తుంది, నేనే చూడలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తిరుగు బస్సులో సారు మెల్లగా అన్నారు.

"కొత్తదే మంచిదని నీకెవరు చెప్పినారప్పా? యా నంబరు ముందో ఆ మనిషి చెప్పల్ల. చెప్పకుంటే మనం అడగల్ల."

మర్నాడు మళ్లీ చీటీలు. రైతు ముందు పెట్టమన్న నంబరు మొదట, అది లేకపోతే ఈమధ్య ఆ రైతు ఎత్తి మాట్లాడినది, అదీ తేలకపోతే పాతది. ఆ క్రమంలో ఒక్కో రైతు వరుసలకు విడిగా ఒకటి, రెండు అని సంఖ్యలు వేయించి, ఒకటి పడిన వరుసనే తీసుకోవడం నేర్పారు. ఆ రైతుకు వేరే విత్తనం ఇప్పించేదాకా మేనేజరుతో పోట్లాడిందీ ఆయనే. అంత ఓపికతో నన్నెవరూ మనిషిని చేయలేదు.

నిన్న ఈ సీజనులో రైతులకు మెసేజ్‌లు పంపే నంబర్ల జాబితా తీయాల్సి వచ్చింది. సారుకూ ఆళ్లగడ్డలో చేనుంది, జాబితాలో ఆయన పేరూ ఉంది. ఆయన నంబరు తీసేయాలి కదా అనుకుంటూ చూశాను. రెండు వరుసలున్నాయి. ఆయన ఆఫీసుకు వచ్చిన చివరి రోజునే ఒక మార్పు చేశారు. జబ్బు సంగతి మాకెవరికీ చెప్పలేదు గానీ, ముందు పెట్టమన్న గుర్తును తన ఫోను నుంచి తీసి భార్య ఫోనుకు పెట్టి వెళ్లారు.

నేనేమీ మార్చలేదు. క్వెరీ నడిపాను. సారు పేరు ఎదురుగా ఆమె నంబరు వచ్చింది.