ఆమె ఏరి పెట్టిపోయిన వంటసామాను

మా ఇంటావిడ పోయింది. కార్తీకంలో, ముసురు వదలని ఒక ఉదయం, కోట అనే ఊళ్లో మేముంటున్న అద్దె ఇంట్లోనే పోయింది. కడుపులో గడ్డ. ఏడాదిగా తెలిసిన సంగతే కాబట్టి హఠాత్తుగా జరిగిందనడానికి లేదు. ముందే తెలిసినందువల్ల ఏమీ తగ్గలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లు రెండు మాటలయ్యాక ఒకటే అడుగుతున్నారు, వంట ఎవరు చేస్తున్నారని. నేనే చేస్తున్నానంటే నమ్మరు. హైస్కూల్లో చరిత్ర చెప్పుకునే మనిషిని, మొన్నటిదాకా మంచినీళ్లు కూడా అడిగి తాగినవాణ్ణి. ఆ నమ్మకం కుదరని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆమెను గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు. ఆమెకూ నచ్చదు.

ఆమె పుట్టింది జువ్వలదిన్నెకు కొంత లోపలగా ఉన్న పల్లెలో. వరి పండించుకునే ఇల్లు. సముద్రం కనిపించదు గాని, పడవలు ఒడ్డుకు చేరిన పూట చేపల గంప గడప దాకా వచ్చేది. చేపల పులుసు ఆమెకు మట్టిచట్టిలోనే కాగాలి. పొంగణాలు పోసే గుంతల చట్టి కూడా మట్టిదే. కుమ్మరి దగ్గర కొత్త చట్టి కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. నీళ్లు పోసి, పక్కన కూర్చుని, అడుగు చెమ్మగిల్లే తీరు చూసేది. తెచ్చాక కొన్నాళ్లు దానిలో వట్టి గంజి కాచేది. ఏం చేస్తున్నావంటే, "ముందు దానికి తినబెట్టాల. ఆనక అది మనకు పెడతాది" అనేది. ఇరుగుపొరుగు సత్తుగిన్నెల్లో పులుసు పెడితే మర్యాదకు రుచి చూసి, ఇంటికొచ్చి నోరు కడుక్కునేది.

అలాంటి మనిషి, చివరి వేసవిలో, ఇంట్లోకి ఒక్క మట్టిపాత్ర కూడా కొత్తది రానివ్వలేదు.

నెల్లూరు డాక్టరు ఇక చేసేదేమీ లేదని చెప్పాక, తడ నుంచి మా అక్క చూడవచ్చింది. వసారాలో నన్ను కూర్చోబెట్టి, గొంతు తగ్గించే అంది.

"మాట అనకూడదు తమ్ముడా, అనక తప్పదు. రేపు ఏమన్నా అయితే పాప నా కాడుంటాది. ఆడదిక్కు లేని ఇంట్లో ఆడబిడ్డ ఏం తిని బతుకుతాది? నువ్వు బడికి పోతే దానికింత గంజి పోసేదెవురు?"

అక్క మాటలో కపటం లేదు. పిల్లలు లేరు ఆమెకు. మా పాపంటే ప్రాణం. కానీ మా ఇంటి గోడలు పలచన. లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"వదినా, కాఫీ ఆరిపోతా ఉంది. వచ్చి తాగు."

అంతే అంది. అక్క బస్సెక్కిన తర్వాత మా ఆవిడ నాతో చెప్పింది. పాప వయసులోనే ఆమెకు తల్లి పోయింది. పెద్దమ్మ ఇంట్లో పెరిగింది. ఆ సంగతి నాకు తెలుసు. దాని లోపలి సంగతి అప్పుడే విన్నాను.

"పెద్దమ్మ మంచిదే. కడుపునిండా పెట్టింది. అయితే మా అమ్మ పోసే పొంగణాలు ఎట్టుండేవో నాకిప్పుడు గుర్తుకు రాదు. అడిగి పోయించుకునేదానికి ఆ ఇంట్లో నోరు రాలా. పెట్టింది తిని లేచేదాన్ని. పాపకు ఆ బతుకొద్దు. అది మీ కాడే ఉండాల."

"ఉంటుంది" అన్నాను.

"ఊరికే ఉంటే ఆకలి తీరతాదా? బజారుకు పోదాం పదండి."

నెల్లూరులో పాత్రల అంగడికి పోయాం. ఆమెకు నిలబడే ఓపిక లేదు. అంగడి మెట్టు మీద కూర్చుంది. ఏదీ తన చేతికి తీసుకోలేదు. ప్రతిదీ నా చేతికి ఇప్పించి, ఎత్తమంది, వంచమంది, మూత తీసి మళ్లీ పెట్టమంది. నా మణికట్టునే చూస్తూ కూర్చుంది.

అంగడాయన కొత్తగా వచ్చిన ప్రెషర్ కుక్కరు దించాడు. "మద్రాసు సరుకమ్మా. అన్నం, పప్పు ఒక్కసారే. అయినాక ఈలేస్తాది, దించుకోవడమే."

"ఈయన పుస్తకం పట్టుకుంటే ఇంటి మీద పిడుగు పడినా వినపడదు. దీని ఈల వినపడతాదా? తీసి పైన పెట్టుకో అన్నా."

నాకు పంపుస్టవ్వు నచ్చింది. మంట నీలంగా, జోరుగా ఉంది. ఆమె తల అడ్డంగా ఊపింది. "పంపు కొట్టేదానికి ఓపిక కావాల, పిన్ను గుచ్చేదానికి కళ్లు కావాల. రెండూ మీకు లేవు." వత్తుల స్టవ్వు తీసుకుంది. మంట మెల్లగా వస్తుందని నేనంటే, "మెల్లగా వస్తే మెల్లగా మాడతాది. చూసుకునేదానికి టైముంటాది" అంది.

పొంగణాలకు గుంతల పెనం ఇనుముది తీసుకుంది. పులుసుకు రాచిప్ప అడిగింది. రాతిని తొలిచి చేసిన గిన్నె అది. అంగడాయన అటక మీద వెతికి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. "ఇయ్యి ఇప్పుడెవురు కొంటారమ్మా" అన్నాడు.

"చచ్చిపోయేవోళ్లు కొంటారు" అంది ఆమె. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి, కాగితాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

బస్సులో అడిగాను, ఇన్నేళ్లూ మట్టి అన్నదానివి, ఇప్పుడు ఇనుమేమిటి, రాయేమిటి అని.

"నేను పోయినాక మట్టియ్యి ఇంట్లో ఉంచరు గదా. మైలపడినయ్యని పారేస్తారు. రాయీ ఇనుమూ అయితే చింతపండేసి తోముకుంటే చాలు. మా అమ్మ పోయినప్పుడు అమ్మ చట్టులన్నీ దిబ్బలో పోసినారు. మళ్లీ ఆ పులుసు నేను తినలా."

కోట చేరేదాకా రాచిప్పను నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇంటి దగ్గర నాకు పాఠాలు మొదలయ్యాయి. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. రాచిప్పను చల్లటిదాన్ని ఒక్కసారిగా మంట మీద పెట్టకూడదు, పగులుతుంది. కొత్త ఇనప పెనంలో ముందు చింతపండు నీళ్లు కాగాలి, తర్వాత నూనె పూసి ఉల్లిపాయ ముక్కలు వేయించి పారేయాలి. ఇవన్నీ తను చేసి చూపలేదు. చేయించింది. పాడైతే మళ్లీ చేయించింది. మెచ్చుకోవడం మాత్రం లేదు. "కుక్క తింటాది" అంటే బాగా లేదని. "పాప తింటాది" అంటే పరవాలేదని. అంతకు మించిన మార్కులు నాకు రాలేదు.

నేను రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతుంటే పక్కింటావిడ చూసి నిలబడింది.

"ఏందక్కా, అయ్యవారు రోలుకాడ కూర్చున్నాడే! ప్రమోషనా?"

"ఆయనకు కాదు మే, నాకు ట్రాన్స్‌ఫరు. చార్జి అప్పజెప్తా ఉండా."

పక్కింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మా ఆవిడ నా వైపు తిరిగి, "చెయ్యి ఆపొద్దు. పిండి వేడెక్కతాది" అంది.

ఆమె పోయాక పెద్దకర్మ దాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. భోజనం చుట్టాల ఇళ్ల నుంచి వచ్చింది. కర్మనాడు ఇల్లు కడిగారు. అక్కే వంటింట్లోకి పోయి పులుసుచట్టి, గుంతల చట్టి, పాలకుండ, ఒక్కొక్కటే బయటికి తెచ్చింది. నల్లగా, నూనె పీల్చి, అద్దంలా మెరుస్తున్నాయి. ఇంటి వెనక కాలువగట్టు మీద వాటిని పగలగొడుతూ అక్కే గట్టిగా ఏడ్చింది. నేను లోపల రాచిప్పను, పెనాన్ని చింతపండుతో తోముతూ ఉన్నాను. చట్టులు పగిలే చప్పుడు లోపలికి వినిపించింది. తోమడం ఆపలేదు.

పాప అప్పటికి మాటలు మానేసింది. పిలిస్తే చూసేది. పెడితే తినేది. తెల్లవారితే అక్క ప్రయాణం. పాప బట్టలు అక్క పెట్టెలోకి చేరిపోయాయి. నేను వద్దనలేదు. వద్దంటే వాదనవుతుంది. వాదనలో ఎప్పుడూ అక్కే గెలుస్తుంది. ఆ సాయంత్రం పప్పూ బియ్యం నానబోసి, రుబ్బి పెట్టాను.

పొద్దున్నే వత్తులు వెలిగించి పొంగణాలు పోశాను. మొదటి వాయి పెనానికి అంటుకుంది. రెండోది ఒక పక్క మాడింది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది గాని, పక్కకు జరగమని అనలేదు. పాప ముందు గిన్నె పెట్టాను. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ముఖం చిట్లించింది.

"నూనె సాల్లేదు నాయనా. అమ్మ పక్కలకు గూడా పోస్తాది. ఉప్పు గూడా ఎక్కువేసినావు."

"ఇంకో వాయి పోస్తాను. నువ్వు చెప్పు ఎంత పోయాలో."

స్టవ్వు పక్కన గొంతుక్కూర్చుని చెప్పింది. ఆపమన్నప్పుడు ఆపాను. అవి కూడా తల్లి పోసినట్టు రాలేదు. ఆ మాటా పాపే అంది. అంటూనే తినింది. పలకా సంచీ తీసుకుని బడికి పోయింది. గుమ్మంలో నుంచి అక్క ఆ పిల్ల వెళ్లేదాకా కదలలేదు.

బస్సు దగ్గరికి ముసురులో గొడుగు పట్టుకుని నేనే పెట్టె మోసుకెళ్లాను. అక్క దాన్ని రోడ్డు మీదే దించమని, వానలోనే మూత తెరిచింది.

"నా ఇంట్లో అయితే అది నూనె సాల్లేదని అనదు తమ్ముడా. పెట్టింది తిని లేస్తాది."

కండక్టరు తొందరపెట్టాడు. అక్క వినిపించుకోలేదు. అడుగున ఉన్న పాప పరికిణీలు, జాకెట్లు ఒక్కొక్కటే తీసి, మడత చెడకుండా నా చేతి మీద వేసింది. పెట్టె మూసి, తిరిగి చూడకుండా బస్సెక్కింది. బస్సు తడ వైపు మలుపు తిరిగింది. నేను గొడుగును బట్టల మీదికి వంచి పట్టుకుని, వీపు మీద వాన పడుతుండగా అక్కడే నిలబడ్డాను.