గేటుకు వేలాడిన కుందేళ్లు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పని చేస్తున్నాను. అక్కడ ఎక్కడైనా చిన్న తేడా వస్తే కారణం దొరికేదాకా వదలం. అదే అలవాటుతో కిందటేడు జరిగిన దాన్ని కూడా అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. నాకు దొరికింది సిగ్గు ఒక్కటే.

మేం ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో, ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట అద్దెకు ఉంటున్నాం. నేను, నా భార్య లావణ్య, పదేళ్ల కూతురు హాసిని. రెండిళ్ల అవతల డెనిస్ అనే పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు కుక్కలంటే ప్రాణం. అందులోనూ లర్చర్లంటే. లర్చర్ అంటే గ్రేహౌండ్‌కీ గొర్రెల కుక్కకీ పుట్టిన సంకరం. ఒకదాని పరుగూ ఇంకోదాని తెలివీ కలిసి వస్తాయని కుందేళ్ల వేటకు దాన్ని పెంచుతారు.

ఆయన ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్న నెలలోనే తుంటి ఆపరేషన్ పడింది, అది త్వరగా కుదరలేదు. పొలాల వెంట నడవలేడు. నాకు నాలుగు రోజులు పని, నాలుగు రోజులు సెలవు. సెలవు రోజుల్లో కుక్కపిల్లను తిప్పుతావా అని అడిగాడు. సరేనన్నాను. మా లీజులో పెంపుడు జంతువులు వద్దని ఉంది కాబట్టి కుక్క ఆయన షెడ్డులోనే ఉండేది. మీగడ రంగులో ఉందని హాసిని దానికి జున్ను అని పేరు పెట్టింది. డెనిస్‌కు నోరు తిరగక జూనో అనేవాడు. అది రెండు పేర్లకూ పలికేది.

పని రోజుల్లో నేను కళ్లు తప్ప ఏమీ కనిపించని తెల్లటి సూట్‌లో, గాలి కూడా వడకట్టి వదిలే గదిలో ఉంటాను. అక్కడి నుంచి వచ్చి, తడి గడ్డిలో జున్నుతో నడుస్తుంటే ఒళ్లు తేలికయ్యేది. అది వేట కోసం పెరుగుతోందని నాకు తెలుసు. ఆ రోజు వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను.

డెనిస్ కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. ముందు ఈల. ఈల వేయడం, వచ్చాక ముద్ద పెట్టడం, నెలల తరబడి అదే. తర్వాత గొర్రెల మధ్య నుంచి తాడు పట్టుకుని నడిపించడం, వాటి వంక చూడకుండా ఉండేదాకా. తర్వాత మేజోడులో గుడ్డలు కుక్కి, పైన కుందేలు తోలు కుట్టి, దారానికి కట్టి ఈడ్చడం. జున్ను దాన్ని పట్టుకుని నా చేతికి తేవాలి. నలపకూడదు. మంచి లర్చర్ కుందేలును బతికుండగానే తెచ్చి చేతికిస్తుంది, మిగతాది మనిషి పని అనేవాడు. ఏడాది నిండి ఎముకలు గట్టిపడేదాకా నిజం కుందేలు వెంట వదలనివ్వలేదు.

ఆ మనిషి పని కూడా ఆయనే చూపించాడు, చుట్టిన తువ్వాలు మీద. వెనక కాళ్లు ఒక చేత్తో, మెడ ఒక చేత్తో, ఒక్క లాగు. దానికి తెలిసేలోపే అయిపోవాలి అన్నాడు. అర్థమైందన్నాను.

పొలం డెనిస్ వాళ్ల పెద్దలది. ఇప్పుడు మేనల్లుడు బార్లీ వేస్తున్నాడు. కుందేళ్లు మొలకలు తినేస్తున్నాయి, వచ్చి పట్టుకోండి అని అతనే అడిగాడు. కోతలయ్యాక ఒక పొద్దున జున్నును మొదటిసారి వదిలాను. అది ఎంత అందంగా పరిగెత్తిందో చెప్పలేను. కంచె దాకా తరిమి, ఒక్క మలుపు తిప్పి పట్టుకుంది. తల పైకెత్తి నడుచుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. నేర్పినట్టే చేసింది. నేను కుందేలును తీసుకున్నాను. దాని గుండె నా అరచేతుల్లో కొట్టుకుంటోంది.

నావల్ల కాలేదు. అంటే, చేశాను, కానీ సగం. అది అరిచింది. కుందేలు అలా అరుస్తుందని నాకు తెలియదు. చేతులు వదిలేశాను. అది నడుము ఈడ్చుకుంటూ పోతుంటే జున్ను మళ్లీ తెచ్చి ఇచ్చింది. రెండోసారి కూడా సరిగ్గా చేయలేకపోయాను. అది ప్రాణం వదలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ జున్ను నన్నే చూస్తూ కూర్చుంది. కుందేలును కంచె మొదట్లో పాతిపెట్టి, ఏమీ దొరకలేదని డెనిస్‌తో చెప్పాను.

తర్వాతి వారం మళ్లీ వెళ్లాం. పొలం చివరి మూలలో పాత ఇనుప గేటు ఒకటుంది. ఎవరూ వాడరు, తీగతో కట్టేసి ఉంటుంది. జున్ను అక్కడే కుందేలును పట్టింది. నేను ఈల వేశాను, రాలేదు. గేటు వైపు తిరిగి, నా ముందు కూర్చున్నట్టే బుద్ధిగా కూర్చుంది. తల పైకెత్తింది. నోరు తెరిచింది. నేను పొలం మధ్యలో ఉన్నాను, ఎండ బాగానే ఉంది. కుందేలు కింద పడలేదు. పడితే కనిపించేది. జున్ను తోక ఊపి లేచి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చింది.

తప్పించుకుని ఉంటుందని సర్దిచెప్పుకుని, అటు నడిచాను. గేటు పై కమ్మీకి కుందేలు వేలాడుతోంది. పొట్ట శుభ్రం చేసి ఉంది. ఒక వెనక కాలి నరం దగ్గర చిన్న గాటు పెట్టి, అందులోంచి రెండో కాలు దూర్చి ఉంది. పాదాల చుట్టూ ఒక గడ్డిపోచ మెలిపెట్టి కట్టి ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. నేను నడిచి వచ్చిన కాసేపట్లో ఇంత పని ఎవరు చేయగలరు?

ఎవరైనా ఉన్నారా అని పిలిచాను. గేటు అవతల అప్పుడే దున్నిన నేల. ముందు రోజు వాన పడి నల్లగా, మెత్తగా ఉంది. దాని మీద పక్షి కాళ్లు కూడా పడిన గుర్తు లేదు. రెండు పక్కలా మనిషి దూరలేని ముళ్ల కంచె.

అప్పుడే భయపడి వదిలేసి వచ్చి ఉంటే బాగుండేది. దాన్ని తీసుకెళ్లి డెనిస్‌కు ఇచ్చాను. ఆయన మొహం వెలిగిపోయింది. నువ్వే చేశావా అని అడిగాడు. అవునన్నాను. ఇంత నీట్‌గా ఎవరూ మొదటిసారి చేయరు అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాగుందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

ఇంటికి వచ్చాక లావణ్య నన్ను కిందికీ పైకీ చూసింది.

"నిజంగ నువ్వే చేసినవా?"

"మరి ఎవరు చేస్తరు?"

"షర్టు మీద ఒక్క మరక లేదేంది?"

కాలువలో కడుక్కున్నానని చెప్పాను.  హాసినికి మాత్రం చెప్పొద్దంది.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు అలాగే జరిగింది. జున్ను గేటు దగ్గర కూర్చోవడం, నోరు తెరవడం, నేను చేరేసరికి కుందేలు వేలాడుతూ ఉండడం. ఒకసారి ఫోన్‌తో వీడియో తీశాను. కుక్క వీపు, గేటు, గాలికి ఊగే ముళ్లకొమ్మలు తప్ప అందులో ఏమీ లేదు. కుందేలు ఎప్పుడు కమ్మీకి ఎక్కిందో కూడా కనిపించలేదు, ఆ క్షణంలో ఫోన్ పక్కకు వంగిపోయింది. పొద్దున పూట, వెలుతురులో, అంత దూరం నుంచి చూస్తూ కూడా నాకు భయం కంటే ఎక్కువగా కలిగింది ఉపశమనం. ఆ పని నేను చేయనక్కర్లేదు. పేరు మాత్రం నాకు వస్తుంది.

నాలుగో కుందేలును డెనిస్ వంటింటి బల్ల మీద తిప్పి చూశాడు. అంతకు ముందు వాటి కాళ్లకు కట్టిన గడ్డిని నేను దారిలోనే తెంపేసేవాణ్ణి. ఆ రోజు మర్చిపోయాను. ఆయన ఆ పోచను వేలితో తాకాడు. ఇది ఎవరు నేర్పారు అని అడిగాడు. యూట్యూబ్‌లో చూశానన్నాను.

మర్నాడు పొద్దున్నే మా తలుపు కొట్టాడు. ఆపరేషన్ తర్వాత కర్ర పట్టుకుని మా ఇంటిదాకా రావడం అదే మొదలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రవీ, ఆ గడ్డి నువ్వే కట్టావా?"

"నేనే."

"మా అన్న జిమ్మీ అలాగే కట్టేవాడు," అన్నాడు. "ఇంకెవరూ అలా కట్టగా నేను చూడలేదు."

జిమ్మీ ఆయన కంటే రెండేళ్లు పెద్ద. ఇరవై నిండకముందే ఆ పొలంలో ట్రాక్టరు బోల్తా పడి పోయాడట. ఎక్కడ అని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. ఆ గేటు దగ్గర. అప్పట్నుంచీ దాన్ని మూసేశారు. ఇదంతా గుమ్మంలో నిలబడి, చలికి కళ్లు నీళ్లు కారుతుండగా చెప్పి, మళ్లీ అడిగాడు.

"నిజంగా నువ్వే కదా?"

అప్పటికైనా చెప్పాల్సింది. వెనక హాసిని స్కూలుకు తయారవుతోంది, లావణ్య వంటింట్లోంచి వింటోంది. అన్ని అబద్ధాలూ ఒకేసారి బయటపడతాయని భయపడ్డాను. నేనే అన్నాను. ఆయన సరేలే అన్నట్టు "గ్రాండ్" అని మెల్లగా వెనక్కి తిరిగాడు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, తనూ వస్తానన్నాడు. మేనల్లుడు కారులో పొలం దాకా దింపి వెళ్లాడు. నేను జున్నును వదిలాను. అది గేటు దగ్గరే కుందేలును పట్టింది. ఈసారి కూడా అక్కడ కూర్చుంటే బాగుండునని, డెనిస్ కళ్లారా చూస్తే నేను చెప్పనక్కర్లేదని మనసులో వేడుకున్నాను.

జున్ను తిన్నగా నా దగ్గరకు వచ్చింది. నా ముందు కూర్చుని కుందేలును అందించింది.

నేను తీసుకున్నాను. వెనక కాళ్లు ఒక చేత్తో, మెడ ఒక చేత్తో. లాగలేకపోయాను. డెనిస్ పక్కనే నిలబడి నా చేతుల్నే చూస్తున్నాడు. కుందేలు అరవడం మొదలుపెట్టింది. ఆయన కర్రను నాకు పట్టించి, దాన్ని నా చేతుల్లోంచి తీసుకున్నాడు. ఒక్క లాగు. అంతే.

"ఇంతకు ముందు వాటిలో ఒక్కటైనా నువ్వు చేశావా?"

"లేదు," అన్నాను. అన్నీ ఆ గేటుకు వేలాడుతూ దొరికాయని చెప్పాను.

కోపగించుకుంటాడనుకున్నాను. కుందేలును గడ్డి మీద పెట్టి, కర్ర తీసుకుని, కోసిన బార్లీ మొదళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ గేటు దాకా వెళ్లాడు. నేను వెళ్లబోతే చేయి అడ్డంగా ఊపాడు. అక్కడ టోపీ తీసి నిలబడ్డాడు. ఏదో మాట్లాడుతున్నట్టు భుజాలు కదిలాయి గానీ నాకు వినిపించలేదు. జున్ను వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. వాన మొదలైనా ఆయన కదలలేదు. గేటు మీద ఏమీ కనిపించలేదు, ఎవరూ రాలేదు.

ఆ తర్వాత అక్కడ ఏమీ జరగలేదు. జున్ను ఇప్పుడు ఎవరు ఈల వేస్తే వాళ్ల చేతికే తెస్తుంది. నేను వేట మానేశాను, ఊరికే నడిపిస్తాను. తుంటి కుదురుకున్నాక డెనిసే దాన్ని పొలానికి తీసుకెళ్తున్నాడు. ఆయన ఎక్కువగా ఆ మూలకే వెళ్తాడని మేనల్లుడు చెప్పాడు.

లావణ్యకు అంతా చెప్పాను. ఎవరో ఊరివాడు కంచెలో దాక్కుని ఆటపట్టించాడేమో అంది. అలా అనుకుందామని నేనూ చాలా ప్రయత్నించాను. ఆ దున్నిన నేల గుర్తొచ్చి ఆగిపోతాను. కుక్క తల ఎత్తి ఎవరికిచ్చిందో నాకు తెలియదు. ఎన్నడూ తెలుస్తుందనీ అనుకోను.

డెనిస్ నన్ను దాని గురించి ఒకే ఒక్కసారి అడిగాడు. క్రిస్మస్ ముందు, ఆయన వంటింట్లో టీ తాగుతుండగా. మొత్తం ఎన్ని కుందేళ్లు అన్నాడు.

"నాలుగు," అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు.

"జిమ్మీ నాలుగుసార్లు వచ్చాడు," అన్నాడు. "నేనేమో ఇక్కడే కూర్చున్నాను."