పైన పొగగొట్టం, కింద మంచం

2023 ఆగస్టు. విజయవాడలో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో చేరి అప్పటికి మూడో ఏడు. మైలవరం వైపు మామిడి తోటల మధ్య ఉన్న పాత ఫార్మ్‌హౌస్‌ను పరీక్షించి రిపోర్టు ఇవ్వమని నన్ను పంపారు. ఇంగ్లిషు దొర ఒకాయన తన దేశంలో రైతుల ఇళ్లెలా ఉంటాయో అలాగే కట్టించుకున్నాడట. నిటారు వాలు పెంకుల కప్పు, మీద ఇటుకల పొగగొట్టం, లోపల చెక్క సీలింగు, రెండడుగుల మందం సున్నపు గోడలు. ఇప్పుడు అందులో మామిడి వ్యాపారి రహీం గారు, తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఆయన తల్లి ఉంటున్నారు.

రోజంతా కొలిచాను. పగుళ్లు, చెమ్మ, చెదలు కలిపి పదిహేడు అంశాలు రాసుకున్నాను. పెద్దావిడ మంచం పక్కన కూర్చుని నేను టీ తాగుతుంటే, "నన్నూ రాశావా బాబూ? నాకూ పగుళ్లున్నాయి" అంది.

మర్నాడు ఉదయం ఆఫీసులో గదుల ప్లాన్ మీద రూఫ్ ప్లాన్ పెట్టి చూస్తుంటే చెయ్యి ఆగిపోయింది. కప్పు మీద చిమ్నీ ఉంది. సరిగ్గా దాని కింద గదిలో దాన్ని మోసేదేమీ లేదు. అక్కడ చలి కాచుకునే పొయ్యి, చిమ్నీ బ్రెస్ట్ ఉండాలి. బ్రెస్ట్ అంటే పొయ్యి చుట్టూ గోడ నుంచి ముందుకొచ్చే ఇటుక కట్టడం. గొట్టం బరువు మోసేది అదే. నా ప్లాన్‌లో ఆ చోట ఉన్నది పెద్దావిడ మంచం.

లెక్క వేశాను. గొట్టం బరువు రెండు టన్నులకు తగ్గదు. బయట ముసురు. తడిసిన ఇటుక ఇంకా బరువు.

రహీం గారికి ఫోన్ చేశాను.

"ఆ పొయ్యా అండీ? వేసవికి ముందే కొట్టించేశాం. మన ఎండలు చాలక చలి కాచుకోవాలా? అమ్మ మంచానికి చోటు కుదిరింది."

"మరి పైన గొట్టం?"

"పైది పైనే ఉందిగా, మనకేం అడ్డం?"

"అమ్మగారిని వెంటనే పక్క గదిలోకి మార్చండి."

"ఇంట్లో నేనొక్కణ్ణే అండీ. వానకి పనివాళ్లు రాలేదు. ఒక్కడి వల్ల కాదు." మళ్లీ ఆయనే, "నాలుగు రోజులుగా దుప్పటి మీద ఎర్రపొడి పడుతోంది. చెదలనుకున్నాం" అన్నారు.

మేస్త్రీని, ఇద్దరు కూలీలను, స్టీలు ప్రాప్‌లను బండిలో ఎక్కించుకుని వెళ్లాను. ప్రాప్ అంటే బరువు కింద తాత్కాలికంగా బిగించే గుంజ. గదిలో అడుగుపెట్టగానే పైకి చూశాను. మంచం మీద సీలింగు పలకలు కిందికి వంగి ఉన్నాయి. ముందురోజూ చూశాను. పన్నెండో అంశం, "పాత చెక్క, సహజమైన వంపు" అని రాశాను.

"ముందు ప్రాప్‌లు పెడదామా సార్?" అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి.

బిగించేటప్పుడు పైన గొట్టం కదిలితే? "ముందు మనిషిని" అన్నాను.

మంచం గుమ్మంలో పట్టలేదు. దుప్పటితో సహా ఆవిడను ఎత్తారు. "అందరూ పైకి చూస్తారేంటి? నన్ను చూడండి, పడేస్తారు" అందావిడ. రహీం గారు తలవైపు దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకున్నారు. ఒక్కో అడుగు. గుమ్మం దాటుతుండగా వెనక చెక్క కిర్రుమంది. పలకల సందులోంచి అర ఇటుక జారి తలగడ మీద పడింది.

ప్రాప్‌లు బిగించి, గొట్టాన్ని పైనుంచి ఒక్కో వరసా దించడానికి మూడు రోజులు పట్టింది. అట్టడుగు వరస ఇటుకలు మేస్త్రీ వేళ్లకే ఊడొచ్చాయి. అన్నాళ్లూ ఆ గొట్టం గోడను పట్టుకుని వేలాడింది, అంతే.

కట్టించినవన్నీ ఇంటివాళ్లు దగ్గరుండి చూపిస్తారు. తీసేసినవి చెప్పరు. దాచాలని కాదు, తీసేస్తే ఇంటికి బరువు తగ్గిందనుకుంటారు. నేనూ కంటికి కనిపించినవే కొలిచాను. ఇప్పుడు టేపు తీయకముందే అడుగుతున్నాను, "ఈ ఇంట్లో ఏమేం తీసేశారండీ?" అని.

మొన్న కూచిపూడి దగ్గర ఒక పాత మేడలో ఇంటాయన చుట్టూ చూసి, "పెద్దగా ఏం లేదండీ. ఇదిగో, ఈ హాలు మధ్యలో ఒక గోడ" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను.