వేటకుక్కకు ఇంగువ పూత

ఒక కుక్కను తోడేలు నోట్లో పడకుండా కాపాడబోయి, దాని యజమానికి గుండె ఆగినంత పని చేసిన ఘనుడి కథ చెబుతాను. ఆ ఘనుడు నేనే. కువైట్‌కు వచ్చిన కొత్తలో నాకు తెలివి కాస్త ఎక్కువగా ఉండేది. ఇప్పుడు తగ్గింది, బతుకు బాగుంది.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్ని. మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, అందరం బాబా అంటాం, ఆయన భార్యను మామా అంటాం. ఆయనకు ఒక డేగ, రీమ్ అనే ఒక వేటకుక్క ఉన్నాయి. పొదల్లో నక్కిన పిట్టను వాసన పట్టి, ముందుకాలు ఒకటి పైకెత్తి, తోక నిటారుగా పెట్టి, కదలకుండా నిలబడటం రీమ్ ఉద్యోగం. అది నిలబడగానే బాబా డేగను వదులుతాడు. ఈ ఉద్యోగానికి రీమ్‌కు ఏసీ గది ఇచ్చారు, డాక్టరు ఇంటికే వస్తాడు. నాకు పన్ను నొప్పొస్తే మామా ఒక మాత్ర చేతిలో పెట్టి, "యల్లా, బండి తియ్యి" అంది. ఆ ఇంట్లో ఎవరి విలువ ఎంతో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ చలికాలం సరిహద్దు వైపు ఎడారిలో గుడారం వేశారు. వేటకు బయల్దేరే ముందు బాబా నన్ను పిలిచాడు.

"ఇక్కడ తోడేళ్లు తిరుగుతాయి. పాములూ ఉన్నాయి. మా స్నేహితుడి కుక్క ఒకటి ఇట్లాగే పోయింది. రీమ్‌ను చూసుకోగలవా?"

"మా ఊరి కొండల్లో చిరుతలే తిరుగుతాయి బాబా. తోడేలు నాకొక లెక్కా," అన్నాను వచ్చీరాని అరబ్బీలో. నేను చిరుతను చూసింది ఫోన్‌లో మాత్రమే. ఆయన అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

"మంచిది. దానికేమైనా అయితే నీ ఇఖామా ఖలాస్."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది పోతే ఊరికి పోవాల్సిందే. ఇంకేముంది, నా తెలివి నిద్ర లేచింది. మా నాయనమ్మ ఇంగువ, వెల్లుల్లి కలిపి నూరి గడపకు పూసేది. ఆ ఘాటుకు పాము ఇంట్లోకి రాదని ఆమె నమ్మకం. పామే రానప్పుడు తోడేలు మాత్రం ఎట్లా వస్తుందని నేను ఇంకో మెట్టు ఎక్కాను. నేరుగా వంట గుడారంలోకి వెళ్లి ఇంగువ డబ్బా అందుకున్నాను. అక్కడ వంటమనిషి సుబ్బరాజు పులిహోర కలుపుతున్నాడు. ఆయనది అమలాపురం.

"ఏటండీ, ఆ డబ్బా ఎక్కడికండీ?"

"కుక్కకు పూయల్ల సుబ్బరాజన్నా. తోడేలు దగ్గరికి రాదు."

"ఆయ్, తోడేలు సంగతేమో గానీ, ఈ వాసనకి కుక్కే పారిపోద్దండి. అయినా ఇంగువంతా దానికి పూసేత్తే రేపు పులుసులోకి నేనేం వేసుకోవాలండీ?"

"పులుసు ముఖ్యమా, నా ఇఖామా ముఖ్యమా, నువ్వే చెప్పన్నా."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడం నాకు బాధ కలిగించింది. చివరికి డబ్బా ఇచ్చాడు.

నేను ఏ లోటూ చేయలేదు. కాళ్లకు, వీపుకు, మెడపట్టీకి చేతినిండా తీసి పట్టించాను. రీమ్ తుమ్మింది. నా వైపు చూసి మళ్లీ తుమ్మింది. మందు పనిచేస్తోందని నేను సంతోషించాను.

కాసేపటికి బాబా చేతి మీద డేగతో వచ్చాడు. వెనక ఆయన బావమరిది, ఆ వెనక ఛాతీ విరుచుకుని నేను. రీమ్‌ను వదిలీ వదలగానే అది గుండ్రంగా తిరిగింది, తన వీపు తనే వాసన చూసుకుంది. బాబా ముఖం చిట్లించాడు. అంతలో అది తల ఎత్తి గాలి పీల్చి, సూటిగా ఒక పొద దాకా పోయి ఆగింది. ముందుకాలు పైకి లేచింది, తోక నిటారుగా నిలబడింది.

"పెద్ద పిట్టే," అని గుసగుసలాడాడు బాబా. డేగ కళ్లకున్న తోలు టోపీ తీసి గాల్లోకి వదిలాడు. "తరుము," అని రీమ్‌కు చెప్పాడు.

రీమ్ పొదలోకి దూకింది. పొద అటూ ఇటూ ఊగింది. అందులోంచి టిఫిన్ డబ్బా నెత్తిన పెట్టుకుని సుబ్బరాజు లేచాడు.

"ఆయ్, నేనండీ బాబూ. ఎండగా ఉందని ఇక్కడ కూర్చుని నాలుగు ముద్దలు తింటన్నానండి."

రీమ్ తప్పేమీ లేదు. తన ఒంటి నిండా ఇంగువ, గాలి నిండా ఇంగువ. దాని ముక్కుకు దొరికిన మొదటి వేట పులిహోర. అది మాత్రం తోక ఊపుకుంటూ కింద పడ్డ మెతుకులు ఏరుకుంటోంది.

డేగ పైనుంచి ఇదంతా చూసింది. పిట్టా లేదు, గిట్టా లేదు. ఇట్లాంటి మనుషులతో తనకేం పనని అనుకుందేమో, సరిహద్దు వైపు తిరిగి ఎగిరిపోయింది. దాని ఖరీదు ముందు రీమ్ ఎంత, నేనెంత. కుక్కను క్రూరజంతువుల నుంచి కాపాడబోయి, బాబా బిడ్డలా పెంచిన క్రూరపక్షిని తోలేశాను. నా ఇఖామా కూడా దాని వెంటే ఎగురుతున్నట్టు అనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది.

సాయంత్రం దాకా జీపులో డేగ వెంట పడ్డాం. దారి పొడుగునా రీమ్ తుమ్ముతూనే ఉంది. చివరికి ఎవరిదో నీళ్ల ట్యాంకర్ మీద దర్జాగా కూర్చుని కనిపించింది. బాబా దాన్ని చేతి మీదికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టి వాసన చూశాడు.

"తోడేలు దగ్గరికి రాకూడదని పూసినా బాబా."

"ఇన్నేళ్లుగా ఈ ఎడారికి వస్తున్నాను," అన్నాడాయన చాలా నెమ్మదిగా. "నా కుక్కకు తోడేలు ఏమీ చేయలేదు, పాము ఏమీ చేయలేదు. చేసింది నువ్వొక్కడివే."

నా ఇఖామా రద్దు కాలేదు. వేట ఉద్యోగం మాత్రం ఖలాస్. ఆ రోజు బాబా బావమరిది పులిహోర రుచి చూశాడు. అప్పట్నుంచి వేటకు సుబ్బరాజే వెళ్తున్నాడు, జీపులో ముందు సీట్లో కూర్చుని. వాళ్లు తిరిగొచ్చాక ఆ జీపు కడిగేది నేను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరి పీల్చే ఏ ప్రాణికీ ఇక జన్మలో ఇంగువ పూయను. రీమ్ ఈ మాట నమ్మడం లేదు. ఇప్పటికీ నన్ను చూడగానే ముందుకాలు పైకెత్తి, తోక నిటారుగా పెట్టి నిలబడిపోతుంది.