వెంకటశేషమ్మ విన్న నోటీసు

నాయుడుపేట పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా చెంచురామయ్యగారి రాతంటే అందరికీ గౌరవం. ‘ఇందుమూలముగా’ అని ఎత్తుకున్నారంటే కాగితం అడుగుదాకా వాక్యానికి చుక్క పడేది కాదు. ఎందరు ఆఫీసర్లు మారినా ఆ రాతను మెచ్చుకోని వారు లేరు.

పంతొమ్మిది వందల అరవై రెండులో, దొరవారిసత్రం అవతల సరస్సు ఒడ్డు పల్లెల్లో మసూచి టీకాలు వేయడానికి నోటీసు ఆయనే రాశారు. తలారి దాన్ని ఉన్నదున్నట్టు చదివి చాటింపు వేశాడు. టీకాలకు వెళ్లిన నర్సు ఆనందకుమారి సాయంత్రానికి మందు పెట్టె అట్లాగే వెనక్కి తెచ్చింది.

“ముగ్గురే వచ్చినారు సార్. చాటింపు విన్నాంగానీ అది ఎవురికో, ఎందుకో తెలీలేదంటా ఉండారు.”

ఆయన ఆ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ పూట మాత్రం, భార్య వెంకటశేషమ్మ “ఏమైందండీ?” అనగానే జేబులోంచి నోటీసు తీసి మొత్తం చదివారు. ఆమెకు చదువు రాదు. గరిటె పట్టుకునే చివరిదాకా విన్నది.

“బాగుండాది, పెళ్లి మంత్రం మాదిరి. అయితే నన్నేం జెయ్యమంటారు?”

ఆయన మళ్లీ మొదటి నుంచి చదవబోతే ఆమె ఆపింది.

“మసూచంటే ఏందండీ?”

“అమ్మవారు.”

ఆమె గరిటె కింద పెట్టేసింది. వాళ్ల కూతురు కామాక్షి నాలుగేళ్లప్పుడు అమ్మవారు పోసే చనిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముందు ఒకరు ఆ పిల్ల పేరు ఎత్తలేదు.

“అయితే ముందు అదే రాయండి,” అన్నది. “సూదేస్తే జరమొస్తాదని తల్లులు భయపడతారు. తగ్గిపోతాదని కూడా రాయండి. ఏడికి రావాల్నో, ఎప్పుడు రావాల్నో చెప్పండి.”

ఆయన రాస్తూ, ఒక్కో మాటా ఆమెకు వినిపిస్తూ, ఆమె తలాడిస్తే ముందుకు సాగారు.

‘పిల్లలకు అమ్మవారు పోయకుండా టీకాలు వేస్తారు. శుక్రవారం పొద్దున బడి దగ్గరికి రండి. చంటిబిడ్డలనూ తీసుకురండి. కొంచెం జ్వరం వస్తుంది, తగ్గిపోతుంది.’

“సర్కారు నోటీసు ఇట్లా ఉంటుందా?” అని ఆఫీసరు గొణిగాడు. అయినా సంతకం చేశాడు.

శుక్రవారం చెంచురామయ్యగారు సెలవు పెట్టి భార్యను బస్సులో వెంటబెట్టుకెళ్లారు. బడి వరండా దాటి చింతచెట్టు దాకా తల్లులు వరస కట్టి ఉన్నారు. చేపల గంపలు గోడవార పెట్టి, పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు. ఏడుస్తున్న ఒక పిల్లను వెంకటశేషమ్మ అడక్కుండానే ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆనందకుమారి టీకా వేసేంతసేపూ వెంకటశేషమ్మ ఆ పిల్ల చేయి వదల్లేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ అన్నది: “మన కామాక్షికి చెవులు మీ అమ్మ పోలికే.”

“నవ్వు నీదే,” అన్నారాయన.

నాయుడుపేట వచ్చేదాకా ఇద్దరూ కామాక్షి గురించే మాట్లాడుకున్నారు.